అయోవా సూ కౌంటీ కోవిడ్ సాయం చెల్లింపులు: ఒకే పేరు నాలుగైదు సార్లు, పందులు పెంచేవాళ్ల పేర్లు మాత్రం లేవు. ఈ లెక్క ఎలా చదవాలి?

అడిగినవారు: పైరుగాలి

అందరికీ నమస్కారం. అమెరికాలో కోవిడ్ సమయంలో రైతులకు ఇచ్చిన సీఎఫ్‌ఏపీ (కరోనావైరస్ ఆహార సాయ పథకం) డబ్బు మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణకు అయోవా రాష్ట్రం వాయవ్య మూలనున్న సూ కౌంటీని తీసుకున్నాను. మొక్కజొన్న, సోయా, పందులు, మాంసానికి మేపి బలిపించే ఫీడ్‌లాట్ పశువులు, పాలు, గుడ్లు అన్నీ అక్కడ ఉన్నాయి కాబట్టి ఒక్క కౌంటీలోనే అన్ని రకాల చెల్లింపులూ కనిపిస్తాయనుకున్నాను. ఎఫ్‌ఎస్‌ఏ (అమెరికా వ్యవసాయ శాఖలోని రైతు సేవల సంస్థ) విడుదల చేసిన చెల్లింపుల ఫైళ్లు దించుకున్నాను. ఇక అక్కడి నుంచి గందరగోళమే.

ఒకే పేరుకు 2020 జూన్‌లో ఒక మొత్తం, ఆగస్టులో దాంట్లో సరిగ్గా నాలుగో వంతు, శీతాకాలంలో ఇంకోటి, 2021లో మరోటి ఉన్నాయి. ఇవన్నీ ఒకే సాయమా? పందుల షెడ్లు ఉన్నవాళ్లు వందల్లో ఉంటారు కదా, జాబితాలో అంతమంది లేరేం? మొక్కజొన్నకు బుషెల్‌కు (గింజలు కొలిచే కొలత) 67 సెంట్లని చదివాను. ఆ లెక్కన గుణిస్తే వచ్చేదాంట్లో సగమే నిజంగా ఇచ్చినట్టు తేలుతోంది. 2020లో కౌంటీకి వచ్చిన మొత్తమంతా కూడి "కోవిడ్ సాయం" అని రాసేయవచ్చా?

మన రైతుబంధులా ఎకరాలను బట్టి ఇచ్చారేమో అనుకుని మొదలుపెట్టాను. అలా లేదని అర్థమైంది. ఎలా ఉందో మాత్రం అర్థం కాలేదు.

జవాబు 1: పద్దుపుస్తకం

పైరుగాలి గారూ, రైతుబంధు పోలికను ముందు పక్కన పెట్టేయండి, సగం చిక్కు అక్కడే ఉంది. సీఎఫ్‌ఏపీ భూమి ఎవరి పేరున ఉందని అడగలేదు. ధర పడిపోయిన రోజుల్లో అమ్ముడుపోని సరుకు ఎవరి సొంతమని అడిగింది. మీరు అడిగిన ప్రశ్నలన్నీ అక్కడికే చేరతాయి.

సీఎఫ్‌ఏపీ 1, సీఎఫ్‌ఏపీ 2 వేర్వేరు పథకాలు. దరఖాస్తులు, సూత్రాలు, పరిమితులు దేనికవే. మొదటిదాన్ని 2020 ఏప్రిల్ 17న ప్రకటించారు. నేరుగా రైతులకు 1,600 కోట్ల డాలర్లు: కేర్స్ చట్టం (కోవిడ్ సాయానికి చేసిన చట్టం) కింద 950 కోట్లు, సీసీసీ (వ్యవసాయ శాఖ చేతిలోని నిధుల సంస్థ) నుంచి 650 కోట్లు. దరఖాస్తులు మే 26న తెరిచారు, గడువును ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 11కు పొడిగించారు. రెండోది సెప్టెంబరు 21 నుంచి డిసెంబరు 11 వరకు సాగింది. 2021 ఏప్రిల్ 5న దాన్నే మళ్లీ తెరిచి అక్టోబరు 12న మూసేశారు.

మీ 67 సెంట్ల సంగతి. మొక్కజొన్నకు కేర్స్ రేటు బుషెల్‌కు 32 సెంట్లు, సీసీసీ రేటు 35 సెంట్లు. ఈ రెండూ కూడి గుణించడం దాదాపు అందరూ చేసే పొరపాటు. అర్హమైన సరుకులో సగానికి ఒక రేటు, మిగతా సగానికి రెండో రేటు. అంటే సగటున బుషెల్‌కు 33.5 సెంట్లే. పైగా "అర్హమైన సరుకు" అన్నది కూడా మొత్తం పంట కాదు. 2019 దిగుబడిలో సగం ఎంత, 2020 జనవరి 15 నాటికి ధర ఖరారు కాకుండా ఉన్న నిల్వ ఎంత అని చూసి, ఆ రెంటిలో తక్కువది తీసుకోవాలి.

2019లో 80,000 బుషెళ్లు పండాయనుకోండి. సగం 40,000. జనవరి 15న బిన్నుల్లో (గింజ నిల్వ చేసే డబ్బాల్లో) ధర తేలని గింజ 34,000. తక్కువది 34,000 కాబట్టి అదే లెక్క. దాంట్లో 17,000 × 0.32 = 5,440, మిగతా 17,000 × 0.35 = 5,950. మొత్తం 11,390 డాలర్లు. నిధులు చాలవేమోనని మొదట 80 శాతమే ఇచ్చారు, అంటే 9,112. మిగిలిన 2,278 ఆగస్టులో వదిలారు. ఇరవై అన్నది ఎనభైలో నాలుగో వంతు. మీకు జూన్, ఆగస్టు మొత్తాల మధ్య కనపడిన నిష్పత్తి అదే. సోయాకూ ఇదే పద్ధతి, రేట్లు 45, 50 సెంట్లు.

జనవరి 15కు ముందే గింజ కొని నిల్వ చేసే ఎలివేటర్‌తో ధర కట్టేసుకున్న గింజ బిన్నులో ఉన్నా నిల్వ కిందికి రాదు. బిన్నులో కొలత తీసి అంతా రాసేసినవాళ్లు చిక్కుకున్నది ఇక్కడే. దరఖాస్తు ఏడీ-3114 రైతు స్వయంగా ధ్రువీకరించేదే, దాంతోపాటు రసీదులు అడగలేదు. కానీ తర్వాత తనిఖీకి వస్తే చూపించాలి, రికార్డులు మూడేళ్లు దాచాలని నియమం. ఒప్పందం తేదీ జనవరి 10 అని బయటపడితే ఆ మేరకు డబ్బు వెనక్కి కట్టాల్సిందే.

సీఎఫ్‌ఏపీ 2లో సూత్రం పూర్తిగా మారింది. నిల్వ సంగతి వదిలేసి 2020లో వేసిన ఎకరాలకు వచ్చారు. మొక్కజొన్నకు ఎకరాలు × బీమా రికార్డులోని సగటు దిగుబడి × 40 శాతం × 58 సెంట్లు. 500 ఎకరాలు, ఎకరాకు 200 బుషెళ్లు అయితే 23,200 డాలర్లు, ఎకరాకు 46.40. సోయాకు రేటు అదే 58 సెంట్లయినా శాతం 54. 400 ఎకరాలు, 60 బుషెళ్లయితే 7,516.80, అంటే ఎకరాకు 19 డాలర్లు కూడా లేదు. ఎకరాకు 15 డాలర్లన్నది కనీస హామీ. సూత్రం అంతకన్నా తక్కువ తేల్చితే 15 ఇచ్చారు. బీమా దిగుబడి రికార్డు లేకపోతే కౌంటీ ప్రామాణిక దిగుబడిలో 85 శాతమే వేసుకున్నారు, బీమా లేనివాళ్లు అక్కడ కొంత పోగొట్టుకున్నారు.

2021లో కనిపిస్తున్నది చాలావరకు అదనపు చెల్లింపే. 2021 మార్చి 24న ప్రకటించారు: సీఎఫ్‌ఏపీ 2లో ఎకరాల లెక్కన తీసుకున్న పంటలకు ఎకరాకు మరో 20 డాలర్లు. కొత్త దరఖాస్తు అక్కర్లేదు. పై ఉదాహరణలో సోయా రైతుకు అసలు సాయం 7,516.80, అదనం 8,000. కొసరు అసలును మించింది! మీ ఫైల్లో 2021 వరుస పెద్దదిగా కనిపిస్తే తప్పని కొట్టేయకండి.

జవాబు 2: కొట్టంకాపలా

పందుల ముక్క నేను రాస్తాను. పేర్లు ఎందుకు లేవన్నదానికి జవాబు మనవాళ్లకు కొత్తదేం కాదు. మన దగ్గర బ్రాయిలర్ ఇంటిగ్రేషన్ ఎలా నడుస్తుంది? కోడిపిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి రైతువి. చివర్లో కిలోకింత అని పెంపకం ఛార్జీ. అయోవాలో పందుల పెంపకం చాలా భాగం అలాంటిదే. షెడ్డు ఒకరిది, అందులోని పందులు ఇంకొకరివి. సీఎఫ్‌ఏపీ పందుల యజమానికిచ్చింది, షెడ్డు యజమానికి కాదు. అందుకే రోడ్డు మీద పోతుంటే కనిపించే షెడ్లకూ జాబితాలోని పేర్లకూ పొంతన ఉండదు. ఆ పందుల యజమాని దరఖాస్తు వేరే కౌంటీ ఆఫీసులో ఉంటే డబ్బు సూ కౌంటీ లెక్కలోకే రాదు.

రేట్లు. సీఎఫ్‌ఏపీ 1లో రెండు ముక్కలు. 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అమ్మినవాటికి: 120 పౌండ్లు, ఆపైన ఉన్న పందికి 18 డాలర్లు, అంతకు లోపు పిల్లకు 28. రెండోది, ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య ఏదో ఒక రోజున సొంతంగా ఉన్న గరిష్ఠ సంఖ్యకు తలకు 17. ఆ మూడు నెలల్లో 1,200 పెద్ద పందులు అమ్మి, తర్వాతి కాలంలో గరిష్ఠంగా 2,400 తలలున్న రైతుకు 21,600 + 40,800 = 62,400 డాలర్లు. సీఎఫ్‌ఏపీ 2లో తలకు 23, ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 మధ్య రైతు ఎంచుకున్న రోజు లెక్క, సంతానోత్పత్తికి ఉంచుకున్న పందులు కాకుండా.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. ఈ తేదీల గీత పందుల రైతుకు అన్యాయం చేసింది. పక్కనే దక్షిణ డకోటాలో సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ కబేళా మూత ఏప్రిల్ 12న ప్రకటించారు, మిన్నెసోటా వర్తింగ్టన్‌లోని జేబీఎస్ ఏప్రిల్ 20న. బరువుకొచ్చిన పందిని ఆపుకోవడం కుదరదు. అది పెరుగుతూనే ఉంటుంది, వెనక వచ్చే పిల్లలకు చోటుండదు. అసలు దెబ్బ ఏప్రిల్ మధ్య నుంచి. కానీ పెద్ద రేట్లున్న మొదటి ముక్క ఏప్రిల్ 15తో ముగిసింది. పశువుల్లో ఈ తేడా ఇంకా స్పష్టం: కోతకు సిద్ధమైన ఫీడ్‌లాట్ పశువును ఏప్రిల్ 15న అమ్మితే 214 డాలర్లు, మర్నాడు కొట్టంలో ఉంటే 33. ఒక్క రోజు తేడాకు 181 డాలర్లు! ఆ లోటును కొంత పూడ్చడానికే 2021లో ఆ తరగతి పశువుకు 63 డాలర్లు అదనంగా ఇచ్చారు, 600 పౌండ్ల లోపు దూడకు 7, ఆపైన 25.50. పందులకు ఆ అదనం లేదు.

పందుల కోసం తర్వాత వేరే తలుపులు తెరిచారు. చంపి పూడ్చాల్సి వచ్చినవాటికి పీఎల్ఐపీ అనే పరిహార పథకం (2021 జులై 20 నుంచి దరఖాస్తులు, మార్కెట్ విలువలో 80 శాతం). ముందస్తు ఒప్పందం లేకుండా స్పాట్ మార్కెట్లో తెగనమ్మినవాటికి ఎస్ఎంహెచ్‌పీపీ: 2020 ఏప్రిల్ 16 నుంచి సెప్టెంబరు 1 మధ్య అమ్మకాలకు తలకు 54 డాలర్లు, 10,000 తలల వరకే. ఒప్పందం మీద పెంచే షెడ్డు రైతులకు 2021 ఆగస్టులో గానీ దారి దొరకలేదు. అదీ తల లెక్క కాదు, ఆదాయం తగ్గినదాంట్లో 80 శాతం వరకు. "పందులకు ఎంత వచ్చింది" అని రాయాలంటే ఈ మూడూ కలపాలి, సీఎఫ్‌ఏపీ ఒక్కటే చూస్తే చాలదు.

పాలు సంగతి చిన్నగా: సీఎఫ్‌ఏపీ 1లో మొదటి మూడు నెలల పాలకు వంద పౌండ్లకు 4.71 డాలర్లు, దాని మీద అదే పరిమాణాన్ని 1.014తో పెంచి 1.47 చొప్పున. సీఎఫ్‌ఏపీ 2లో 1.20.

పైరుగాలి:

చాలా థాంక్సండీ. ఆ నాలుగో వంతు సంగతి విప్పేసరికి సగం షీట్ సర్దుకుంది. రెండు సందేహాలు. ఒకే ఇంటిపేరుతో మూడు పేర్లకు ఒక్కొక్కరికి సరిగ్గా 2,50,000 ఉంది. పరిమితి రెండు పథకాలకూ కలిపి అంతేనా? ఇక కౌలు మాటేమిటి? అక్కడ భూమిలో చాలా భాగం కౌలుదే అంటారు కదా.

జవాబు 3: గట్టుమీద

2,50,000 పరిమితి పథకానికి విడివిడిగా, పంటలూ పశువులూ అన్నీ కలిపి ఒక వ్యక్తికి. కాబట్టి రెండు పథకాల్లో కలిపి ఒక మనిషికి 5,00,000 దాకా కనిపించవచ్చు, అందులో తప్పేం లేదు. కార్పొరేషన్, ఎల్ఎల్‌సీ, లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ అయితే, ముగ్గురు సభ్యులు ఒక్కొక్కరు కనీసం 400 గంటలు స్వయంగా శ్రమో, నిర్వహణో చేసినట్టు చూపిస్తే 7,50,000 వరకు. ఇద్దరైతే 5,00,000. జనరల్ పార్ట్‌నర్‌షిప్‌కు పరిమితి సంస్థ మీద ఉండదు, సభ్యుల మీద ఉంటుంది. మీ మూడు పేర్లూ అన్నదమ్ములో, తండ్రీకొడుకులో అయి ఉండొచ్చు. కానీ జాబితా చూసి అది తేల్చలేరు. వ్యాసంలో "ఒకే కుటుంబం" అని మాత్రం రాయకండి.

ఆదాయ పరిమితి కూడా ఉంది: 2016, 2017, 2018 సంవత్సరాల సగటు 9,00,000 డాలర్లు దాటితే అనర్హులు, ఆదాయంలో కనీసం 75 శాతం వ్యవసాయం, పశుపోషణ, అటవీ పనుల నుంచే వస్తే మినహాయింపు. దీనికి సీసీసీ-941 ఫారం. ఈ ఫారం సరిగా లేకపోతే డబ్బు ఆగిపోయేది. సంస్థ సంతకం పెట్టి, సభ్యులు విడిగా పెట్టకపోతే ఆ సభ్యుడి వాటా తెగిపోతుంది. భూసంరక్షణకు సంబంధించిన ఏడీ-1026 లేకపోయినా అంతే. ఇంతకుముందు ఎఫ్‌ఎస్‌ఏ గడప తొక్కినవాళ్లకు ఇవన్నీ ఫైల్లో ఉన్నాయి. కూరగాయలు, పూలు అమ్ముకునే చిన్నవాళ్లకు, తొలిసారి వచ్చినవాళ్లకు ఆ కాగితాలన్నీ అప్పటికప్పుడు పుట్టించాలి. అందుకే 2021లో మళ్లీ తెరిచింది.

ఇక కౌలు. మన దగ్గర ఇదే పెద్ద గొడవ కదా. రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది, కౌలుదారుకు కాదు. ఆంధ్రలో రైతుభరోసా భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులను చేర్చింది. 2020 ఏప్రిల్లో కేంద్రం కోవిడ్ పేరిట ముందుగా వేసిన పీఎం కిసాన్ 2,000 రూపాయలు కూడా భూమి రికార్డు ఉన్నవాళ్లకే. సీఎఫ్‌ఏపీ దీనికి తలకిందులు. ఎకరాకు ఇంత అని నగదు కౌలు తీసుకునే భూస్వామికి పైసా రాదు, ఎందుకంటే పంట ధర పడితే నష్టం అతనిది కాదు. పంటలో వాటా తీసుకునే భూస్వామికి అతని వాటా మేరకు వస్తుంది, దరఖాస్తు విడిగా వేసుకోవాలి. 50-50 వాటా అయితే 500 ఎకరాల మొక్కజొన్నకు పైన చెప్పిన 23,200లో చెరో 11,600.

ఈ ఫోరంలో చాలాసార్లు వచ్చిన ప్రశ్న కూడా ఇదే కాబట్టి చెప్పేస్తున్నా: ఉద్యోగం చేసుకుంటూ అమెరికాలో పొలం కొని నగదు కౌలుకిచ్చినవాళ్లు దీనికి అర్హులు కారు. గ్రీన్‌కార్డు లేనివాళ్లు సొంతంగా సాగు చేస్తున్నామన్నా భూమి, పెట్టుబడితోపాటు తమ ఒళ్లు వంచిన శ్రమ కూడా గణనీయంగా ఉండాలి. మేనేజర్‌ను పెట్టి నడిపిస్తే సరిపోదు.

జవాబు 4: చిల్లరకొట్టు

ఫైలు చదవడం గురించి ఎవరూ చెప్పలేదు, అది చెప్తా.

సంవత్సరం పెట్టి వడపోస్తే మునుగుతారు. 2020లో సూ కౌంటీ రైతుల ఖాతాల్లో పడిన డబ్బులో కోవిడ్‌తో సంబంధం లేనిది చాలా ఉంది. చైనాతో సుంకాల తగవుకు ఇచ్చిన ఎంఎఫ్‌పీ మూడో విడత 2020 ఫిబ్రవరిలో వచ్చింది, అప్పటికి అమెరికాలో లాక్‌డౌన్లే లేవు. 2019 పంటకు సంబంధించి, ఆదాయం లేదా ధర పడితే ఇచ్చే ఏఆర్‌సీ, పీఎల్‌సీ చెల్లింపులు అక్టోబరులో పడ్డాయి. పథకం కోడ్, పథకం పేరు ఉన్న నిలువు వరుస పెట్టి వడపోయండి, తేదీ తర్వాత చూడండి.

రెండోది, కౌంటీ అన్నమాటకు అర్థం. ఫైల్లో ఎఫ్‌ఎస్‌ఏ కౌంటీ కోడ్ ఒకటి ఉంటుంది, చెల్లింపు పొందినవారి చిరునామా ఇంకోటి. కోడ్ ఆ ఫైలు చూసే ఆఫీసుది. చిరునామా చెక్కు లేదా ఉత్తరం వెళ్లే చోటు. పక్కనే ప్లిమత్ కౌంటీలో ఉంటూ సూలో సాగు చేసేవాళ్లు, అమ్మానాన్నల పొలంలో వాటా ఉండి వేరే రాష్ట్రంలో బతికేవాళ్లు ఉంటారు. రెండు రకాలుగానూ కూడి చూడండి, రెండు మొత్తాలూ వేర్వేరుగా వస్తాయి. ఏది వాడారో వ్యాసంలో చెప్పండి, చాలు. మైనస్ మొత్తాలు కనిపిస్తే తిరిగి కట్టించుకున్నవి. వాటిని తీసేయకుండా కూడండి.

చెల్లింపు మొత్తం అందరికీ తెలుస్తుంది, కానీ ఎన్ని ఎకరాలు, ఎన్ని పందులు అన్నది 2008 ఫార్మ్ బిల్లు 1619 సెక్షన్ కింద బయటపెట్టరు. కాబట్టి డబ్బు నుంచి వెనక్కి గుణించి "ఈయనకు ఇన్ని పందులున్నాయి" అని తేల్చబోకండి. పరిమితి తగిలిన పేరు మీద ఆ లెక్క అసలే నిలవదు.

పీపీపీ (కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాలకిచ్చిన జీతాల రుణం) ఈ ఫైల్లో ఉండదు. అది చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏది, ఎస్‌బీఏ ఫైల్లో పరిశ్రమ కోడ్ 111తో మొదలైతే పంటలు, 112తో అయితే పశువులు. సొంత పేరున సాగు చేసే రైతుకు మొదట్లో నికర లాభం మీద లెక్కగట్టారు, నష్టం చూపినవాళ్లకు సున్నా. 2020 డిసెంబరు చట్టం దాన్ని స్థూల ఆదాయానికి మార్చింది, లక్ష డాలర్ల వరకు. ఏడాదిని పన్నెండుతో భాగించి రెండున్నర నెలలు కడితే గరిష్ఠం 20,833. మీకు 2021 ఫైల్లో వందలాది పేర్ల ఎదురుగా ఈ ఒక్క అంకే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మోసం కాదు, సీలింగు.

పద్దుపుస్తకం:

చిల్లరకొట్టు గారి మాటకు చిన్న చేర్పు. "ఆసియా మూలాల రైతులకు అప్పు మాఫీ వచ్చిందట కదా" అని ఎవరైనా అడిగితే, అది 2021 అమెరికన్ రెస్క్యూ ప్లాన్ 1005 సెక్షన్. అర్హమైన అప్పులో 120 శాతం కట్టేస్తామన్నారు. జూన్‌లో కోర్టులు ఆపాయి, 2022 ఆగస్టులో చట్టం నుంచే తీసేశారు. మీ మొత్తంలో దాన్ని కలపొద్దు.

పన్ను కూడా: ఇదంతా ఆదాయమే. ఫారం 1099-జీ వస్తుంది, షెడ్యూల్ ఎఫ్‌లో వ్యవసాయ పథకాల చెల్లింపుల వరుసలో చూపాలి, స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. పంటబీమా పరిహారంలా వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం దీనికి కుదరదు. అందిన మొత్తమంతా చేతిలో మిగిలినట్టు రాయకండి.

పైరుగాలి:

పథకం పేరుతో వడపోశాను. ఎంఎఫ్‌పీ తీసేశాక మొత్తం బాగా దిగింది. కౌంటీ కోడ్‌తో ఒక పట్టిక, చిరునామాతో ఒక పట్టిక వేస్తున్నాను. పందులకు పీఎల్ఐపీ, ఎస్ఎంహెచ్‌పీపీ 2022 ఫైల్లోనూ ఉంటాయా?

కొట్టంకాపలా:

ఎస్ఎంహెచ్‌పీపీ దరఖాస్తులు 2021 డిసెంబరు 15న మొదలై గడువు 2022 ఏప్రిల్ 29 దాకా సాగింది, కాబట్టి డబ్బు 2022 ఫైల్లోనే వెతకండి. పీఎల్ఐపీకి 2021, 2022 రెండూ చూడండి.